దోసిట్లో నిలవని నీళ్లు

ఒకరోజు పొద్దున్న ముఖం కడుక్కుందామని దోసిలి పట్టాను. నీళ్లు నిండాయి. ముఖం దాకా తెచ్చేసరికి సగం కూడా లేవు. మళ్లీ పట్టాను, మళ్లీ అంతే. చూస్తే కుడిచేతి చిటికెన వేలికీ ఉంగరం వేలికీ మధ్య సందు. దగ్గరకు రమ్మంటే చిటికెన వేలు రావడం లేదు. ఎడమచేత్తో దాన్ని నొక్కి పక్క వేలికి ఆనించాను. వదలగానే నెమ్మదిగా బయటికి జరిగిపోయింది. ఆ వేలు నాది కానట్టే అనిపించింది. కొళాయి కట్టకుండా చాలాసేపు అలాగే నిలబడిపోయాను.

నిజానికి అంతకు ఏడాది ముందు నుంచే చెయ్యి చెబుతూ ఉంది, నేనే వినలేదు. రాత్రి మెలకువ వచ్చేసరికి చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కి ఉండేవి. చెయ్యి విదిలిస్తే పోయేది. తల కింద చెయ్యి పెట్టుకుని పడుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు, అందుకే అనుకున్నాను. తర్వాత పగలు కూడా రావడం మొదలైంది. ప్రూఫులు దిద్దడం నా పని. మోచెయ్యి బల్ల అంచుకు ఆనించి, చెంపకు చెయ్యి చేర్చి గంటల తరబడి చదివేదాన్ని. లేచేసరికి వేళ్లలో చీమలు పాకుతున్నట్టు ఉండేది. కాసేపటికి తగ్గేది కాబట్టి మర్చిపోయేదాన్ని.

నొప్పి లేదు. నన్ను ముంచింది అదే. నొప్పి పుట్టి ఉంటే వారంలో డాక్టర్ దగ్గరికి పరిగెత్తేదాన్ని. తిమ్మిరి మనిషిని తొందరపెట్టదు. వస్తుంది, పోతుంది, ఒకరోజు పోకుండా ఉండిపోతుంది. అప్పటికే అలవాటు పడిపోయి ఉంటాం. ఎప్పటి నుంచి అని డాక్టర్ అడిగితే నేను తేదీ చెప్పలేకపోయాను.

మధ్యలో ఒకసారి చూపించుకున్నాను. నీరసం, విటమిన్ లోపం అని రెండు నెలలకు మాత్రలు రాసిచ్చారు. చెయ్యి పట్టుకుని చూడలేదు. నేనూ అడగలేదు. ఆ రెండు నెలలు నాకు చాలా ఖరీదైన నెలలని తర్వాత తెలిసింది.

గుంటను మొదట చూసింది మా అమ్మాయి. నేను ఏదో రాసుకుంటుంటే పక్కన కూర్చుని, "అమ్మా, ఇక్కడ గుంట పడిందేంటి?" అని బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య చర్మం మీద వేలు పెట్టింది. రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూశాం. ఎడమచేతికి అక్కడ కండ ఉబ్బెత్తుగా ఉంది. కుడిచేతికి లోపలికి దిగిపోయింది. వెనక నుంచి చూస్తే వేళ్ల ఎముకల మధ్య గాడులు పడ్డట్టుగా ఉంది. అది నా కుడి చెయ్యి, రోజంతా నా కళ్ల ముందే ఉండే చెయ్యి. ఎప్పుడు చిక్కిపోయిందో నాకు తెలియలేదు.

మర్నాడే నరాల డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఈసారి డాక్టర్ గారు ముందు చెయ్యి పట్టుకున్నారు. దూదితో ఒక్కొక్క వేలూ తాకుతూ కళ్లు మూసుకుని చెప్పమన్నారు. ఉంగరం వేలు దగ్గర ఆశ్చర్యం వేసింది. ఒకే వేలు, చిటికెన వేలి వైపు సగానికి స్పర్శ లేదు, మధ్య వేలి వైపు సగానికి ఉంది. నడిమధ్యన గీత గీసినట్టు! "ఈ ఒక్క వేలే సగం కథ చెప్పేస్తుందమ్మా" అన్నారాయన. చేతికి వచ్చే నరాల్లో అల్నార్ నరం అనేది చిటికెన వేలికీ, ఉంగరం వేలిలో సగానికీ స్పర్శ ఇస్తుంది. మిగతా సగం వేరే నరానిది. మెడ దగ్గర నరం నొక్కుకుంటే మొద్దుదనం ముంజేతి లోపలి వైపు పైకి కూడా పాకుతుంది. నాకు మణికట్టు దగ్గరే ఆగింది. అంటే అల్నార్ నరమే, అదీ ఎక్కడో దారిలో నొక్కుకుంటోంది.

తర్వాత ఒక కాగితం ఇచ్చి బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య గట్టిగా పట్టుకోమన్నారు. రెండు చేతులతో రెండు చివర్లూ పట్టుకుని లాగమన్నారు. ఎడమ బొటనవేలు నిటారుగా ఉండి పట్టుకుంది. కుడి బొటనవేలు మాత్రం చివరి కణుపు దగ్గర వంగిపోయింది. పట్టుకోవాల్సిన కండరం పనిచేయక, ఇంకో నరం నడిపే కండరం సాయానికి రావడం వల్ల అలా వంగుతుందట. ఈ పరీక్షను 1915లో జూల్ ఫ్రోమాన్ అనే ఫ్రెంచ్ నరాల వైద్యుడు రాసిపెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. జీవితమంతా కాగితాలతో గడిపిన నాకు నా చేతి సంగతి ఒక కాగితం చెప్పడం గుండెలో గుచ్చుకున్నట్టయింది.

మోచేతి లోపలి వైపు ఎముక వెనక వేలితో తట్టారు. చిటికెన వేలి దాకా కరెంటు కొట్టింది. మోచెయ్యి ఎక్కడైనా తగిలితే జివ్వుమంటుంది చూడండి, అందరికీ తెలిసిన ఆ షాక్ ఈ నరానిదే. అక్కడ ఎముక వెనక చిన్న గాడిలోంచి అది కిందికి దిగుతుంది. పైన చర్మం తప్ప పెద్దగా రక్షణ లేదు. మోచెయ్యి మడిచినప్పుడల్లా నరం సాగుతుంది, ఆ దారి ఇరుకవుతుంది. క్యూబిటల్ టన్నెల్ అంటారు ఆ ఇరుకు దారిని. నేను పగలు బల్ల అంచుకు ఆనించి నొక్కాను, రాత్రి తల కింద మడిచి సాగదీశాను. ఏళ్ల తరబడి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. డాక్టర్ గారు మోచేతి దగ్గర నరం లావుగా ఉందేమోనని తడిమి చూశారు. ఒంటి మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చలు ఏమైనా ఉన్నాయా అని అడిగారు. కుష్ఠు వ్యాధి ఈ నరాన్నే ఎక్కువగా పట్టుకుంటుందట. ఆ మాట వినగానే మా అమ్మాయి ముఖం పాలిపోయింది. నాకు అది లేదని తేలింది గానీ, ఉన్నా మందులతో పూర్తిగా నయమయ్యే జబ్బని ఆయన ఓపిగ్గా చెప్పారు. ఎవరికైనా ఇలాంటి మచ్చలుంటే సిగ్గుపడి దాచుకోకండి. ఆలస్యమైతే పోయేది చెయ్యే.

రక్తపరీక్షల్లో షుగర్, థైరాయిడ్, బి12 చూశారు. ఆ తర్వాత నెర్వ్ కండక్షన్ పరీక్ష. చేతి మీద అక్కడక్కడా చిన్న చిన్న షాకులిచ్చి, నరంలో సంకేతం ఎంత వేగంగా పోతోందో కొలుస్తారు. సెకనుకు 50 మీటర్లకు పైన ఉండాలి. నాకు మోచేతి కింద 54 ఉంది. మోచేతి దగ్గర మాత్రం 32. అక్కడ సంకేతం బలం కూడా పడిపోయింది. షాకులు భరించదగ్గవే. ముందు నుంచి భయపడి టెన్షన్‌తో రాత్రంతా నిద్రపోకుండా వెళ్లాల్సినంత కాదు. ఈఎంజీ అనే సూది పరీక్షే కొంచెం కష్టం. బొటనవేలి పక్కన గుంట పడ్డచోట సన్నటి సూది గుచ్చి, కండరం చేసే విద్యుత్ చప్పుడును స్పీకర్‌లో వింటారు. చెయ్యి కదపకుండా ఊరికే ఉంచమన్నారు. రేకుల మీద సన్న వాన పడుతున్నట్టు టపటపమని చప్పుడు. ఊరికే ఉన్న కండరం నిశ్శబ్దంగా ఉండాలట. నరం అందని కండరం అలా తనంతట తాను కొట్టుకుంటుంది. పరీక్ష అయిపోయినా ఆ చప్పుడు చాలా రోజులు నా చెవిలోంచి పోలేదు.

తిమ్మిరి వచ్చి పోతున్న దశలోనే వెళ్లి ఉంటే మోచెయ్యి మడవకుండా, ఆనించకుండా జాగ్రత్త పడితే చాలామందికి తగ్గుతుందని చెప్పారు. కండ చిక్కిపోయాక ఆగకూడదన్నారు. నెల తిరక్కుండా ఆపరేషన్ అయింది. మోచేతి వెనక చిన్న కోత పెట్టి, నరం మీద బిగుసుకున్న పట్టీలాంటి కణజాలాన్ని విడదీశారు. కొందరికి నరాన్ని ఎముక ముందువైపుకు మారుస్తారు. చెయ్యి మడిచినప్పుడు నా నరం గాడిలోంచి జారడం లేదు కాబట్టి ఆ అవసరం లేదన్నారు. చెయ్యి ఒక్కటే మొద్దుబార్చి చేశారు, సాయంత్రానికి ఇంటికొచ్చేశాను. ఆపరేషన్ గురించి చెప్పడానికి ఇంతకంటే ఏమీ లేదు. అసలు ప్రయాణం ఆ తర్వాతే.

ఆపరేషన్ అయిన రెండు వారాలకు రాత్రి తిమ్మిర్లు ఆగిపోయాయి. నాకు ఆశ పెరిగిపోయింది. ఇంకో రెండు వారాల్లో వేలు దగ్గరకు వస్తుందని, నెలలో రాసేస్తానని రోజూ చూసుకునేదాన్ని. థెరపీ నేర్పే అమ్మాయి లెక్క చెప్పింది. "ఆంటీ, దెబ్బతిన్న నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. మీ మోచేతి నుంచి ఈ గుంట దాకా కొలుద్దాం రండి." టేపు పెట్టి కొలిచింది. దాదాపు 30 సెంటీమీటర్లు. అంటే 300 రోజులు. అదీ దారిలో ఏ అడ్డూ లేకపోతే. అంతకాలం నరం అందక ఎదురుచూసిన కండరం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు కూడా అని, దాచకుండా చెప్పింది. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను. కానీ ఆ అమ్మాయి అబద్ధపు ధైర్యం చెప్పనందుకు ఇప్పటికీ ఆమె అంటే గౌరవం.

తను ఇంకో పని చేసేది. నెలకోసారి మోచేతి నుంచి కిందికి నరం దారి వెంట వేలితో తడుతూ వచ్చేది. ఎక్కడ తడితే చిటికెన వేలిలో చీమలు పాకినట్టు అనిపిస్తుందో అక్కడ పెన్నుతో చుక్క పెట్టేది. పెరుగుతున్న నరం కొస దగ్గర అలా అనిపిస్తుంది. దీన్ని కూడా 1915లోనే జూల్ టినెల్ అనే మరో ఫ్రెంచ్ వైద్యుడు వివరించాడు. ఆయన తన భాషలో దానికి వాడిన మాట చీమ అనే మాట నుంచే పుట్టిందని తెలిసి నాకు ఎంతో ఓదార్పు కలిగింది. నూరేళ్ల కింద, ఆ యుద్ధంలో ఎక్కడో గాయపడిన సైనికుడు, ఇక్కడ నేను. ఇద్దరం అన్నది చీమలనే. మొదటి నెల చుక్కకూ రెండో నెల చుక్కకూ మధ్య రెండు వేళ్ల దూరం లేదు. నేను ఆ కొలతలు ఒక నోటుబుక్కులో రాసుకునేదాన్ని. ఎడమచేత్తో.

అయితే ఈ 300 రోజుల లెక్క నాకు ఒక రకంగా చెడు చేసింది. నేను అన్నీ వాయిదా వేశాను. చెయ్యి బాగయ్యాక రాద్దాం, బాగయ్యాక కుడదాం, బాగయ్యాక ఆ అల్మరా సర్దుదాం. చొక్కా గుండీలు పెట్టుకోలేక తల మీంచి వేసుకునేవే వేసుకున్నాను. తాళం తిప్పలేక ఇంట్లో ఎవరైనా ఉంటేనే బయటికి వెళ్లేదాన్ని. థెరపీ అమ్మాయి లావు పట్టు ఉన్న పెన్ను ఇస్తే తీసుకుని సొరుగులో పడేశాను. దాన్ని వాడితే చెయ్యి ఇక ఇంతే అని ఒప్పుకున్నట్టవుతుందని నా బాధ.

బ్యాంకులో జరిగిన సంగతితో అది మారింది. ఒక కాగితం మీద సంతకం పెట్టాను. కలవడం లేదన్నారు. మళ్లీ పెట్టాను. మూడోసారి అక్షరాలు ఇంకా వంకరపోయాయి. చెమటలు పట్టాయి. వెనక జనం. "పోనీ వేలిముద్ర వేస్తారా అమ్మా?" అని అడిగాడు కౌంటర్లో అబ్బాయి. అతను మంచిగానే అడిగాడు. వేలిముద్రలో చిన్నతనం ఏమీ లేదు, నాకు తెలుసు. కానీ అక్షరాలు దిద్దడమే బతుకుగా ఉన్న నాకు ఆ మాట తట్టుకోవడం కష్టమైంది. పని చేసుకోకుండానే ఇంటికొచ్చేశాను.

ఆ సాయంత్రం సొరుగు తెరిచి ఆ పెన్ను తీశాను. వేళ్లు గట్టిగా ముడుచుకోవాల్సిన పని లేదు, అరచేతికి ఆనుతుంది. బొటనవేలు నొక్కలేకపోయినా పెన్ను జారలేదు. పాత సంతకంలో చివర పొడవాటి మెలిక ఉండేది, అది వదిలేశాను. పేరు మాత్రం విడివిడి అక్షరాలతో రాశాను. పది రోజులు, రోజుకు ఒక పేజీ. తర్వాత బ్యాంకుకు వెళ్లి కొత్త సంతకం నమూనా ఇచ్చాను. అదే అబ్బాయి తీసుకున్నాడు.

"ఆంటీ, నరం పని నరం చేసుకుంటుంది. ఈలోపు మీరు బతకాలి కదా. చెయ్యి వస్తే ఇవన్నీ తీసి పక్కన పెడదాం" అంది థెరపీ అమ్మాయి. మొదటి రోజు నుంచీ తను చెబుతున్నది ఇదేనట. అప్పుడు వినే స్థితిలో నేను లేను.

అప్పటి నుంచి ఇల్లంతా కొద్దికొద్దిగా మారింది. తాళంచెవి తలకు వెడల్పాటి చెక్కముక్క బిగించాం. ఇప్పుడు వేళ్లతో కాదు, అరచేత్తో తిప్పుతాను. జిప్పులకు దారంతో ఉంగరాలు కట్టాను, వేలు దూర్చి లాగడానికి. సీసా మూతలకు రబ్బరు ముక్క. గోళ్లు కత్తిరించే కట్టర్‌ను చిన్న పలక మీద బిగించుకుని అరచేత్తో నొక్కుతాను. ఎడమచేతి గోళ్లు తీసుకోవడానికి మా అమ్మాయిని అడగాల్సిన అవసరం పోయిన రోజు నాకు పండగే. గుండీల కోసం చిన్న కొక్కెం దొరుకుతుంది, గుండీ రంధ్రంలోంచి దూర్చి లాగేస్తే సరి. కంప్యూటర్ మౌస్ ఎడమచేతికి మారింది. మూడు వారాలు తికమకగా ఉండి, తర్వాత అలవాటైపోయింది. ఫోన్ చెవి దగ్గర పట్టుకోవడం పూర్తిగా మానేశాను, ఇయర్‌ఫోన్ పెట్టుకుని చెయ్యి చాపి కూర్చుంటాను. బల్ల అంచుకు మెత్తటి పట్టీ అంటించాను, అయినా మోచెయ్యి దాని మీద ఆనించను.

చిటికెన వేలు బయటికి పోయి ఉండడం వల్ల ఒక ఇబ్బంది ఉంది. ఈ జబ్బు లేనివాళ్లకు ఇది తట్టదు. జేబులో చెయ్యి పెడితే ఆ వేలు బయటే ఉండిపోతుంది. చొక్కా చేతిలో దూర్చేటప్పుడు అడ్డం పడుతుంది, తలుపు అంచుకు తగులుతుంది. స్పర్శ లేదు కాబట్టి తగిలినట్టు కూడా తెలియదు. మెత్తటి పట్టీతో దాన్ని ఉంగరం వేలికి జత కట్టుకోవడం నేర్చుకున్నాను.

స్పర్శ లేకపోవడం బలం లేకపోవడం కంటే ప్రమాదం. ఇది మాత్రం గట్టిగా చెప్పాలి. ఒకసారి పొయ్యి మీంచి గిన్నె దింపాను. సాయంత్రం చూసుకుంటే చిటికెన వేలి అంచున పెద్ద బొబ్బ. కాలినప్పుడు చుర్రుమనలేదు. అప్పటి నుంచి చెయ్యి చెప్పలేనిది కళ్లతో చూసుకోవడం అలవాటు చేసుకున్నాను. వేడి వస్తువు ముట్టుకునే ముందు ఎడమచేత్తో చూస్తాను, నీళ్ల వేడి కూడా అంతే. రాత్రి పడుకోబోయే ముందు దీపం కింద కుడి అరచెయ్యి రెండు వైపులా తిప్పి చూసుకుంటాను. ఎక్కడైనా గీరుకుందా, తెగిందా అని. ఒక్క నిమిషం పని. చలిలో ఆ రెండు వేళ్లూ తొందరగా బిగుసుకుపోతాయి, గ్లౌజు వేసుకుంటాను.

రాత్రి నిద్ర సంగతి. పాత తువ్వాలును మోచేతి చుట్టూ వదులుగా చుట్టి పిన్ను పెట్టుకుంటే చెయ్యి పూర్తిగా మడత పడదు. బిగించి కట్టకూడదు, అది ఇంకో రకం నొక్కుడు. మొదటి మూడు నాలుగు రాత్రులు చిరాకుతో తీసి పారేశాను. ఓపిక పడితే ఒంటికి అలవాటవుతుంది. ఇప్పుడు తువ్వాలు లేకపోయినా చెయ్యి చాపే పడుకుంటున్నాను.

స్పర్శకు వేరే సాధన ఉంది. దూది, గరుకు బట్ట, నున్నటి బట్ట, దువ్వెన పళ్లు. ముందు చూస్తూ తాకాలి, తర్వాత కళ్లు మూసుకుని తాకి ఏదో చెప్పాలి. మా అమ్మాయి పరీక్ష పెట్టేది. నెలల తరబడి అన్నీ ఒకేలా ఉండేవి. ఏడో నెలలో ఒకరోజు "దువ్వెన" అన్నాను. అది దువ్వెనే. ఊహించి చెప్పానేమోనని మళ్లీ మళ్లీ పెట్టించాను.

ఆపరేషన్ అయి ఇప్పటికి రెండేళ్లు దాటింది. ఉంగరం వేలికి స్పర్శ దాదాపు మామూలుగా వచ్చింది. చిటికెన వేలి కొస ఇంకా పల్చటి బట్ట కప్పినట్టే ఉంటుంది. బొటనవేలి పక్కన గుంట కొంచెం పూడింది, పూర్తిగా పూడలేదు. ఇక పూడకపోవచ్చు. కాగితం పట్టుకుని లాగితే బొటనవేలు ఇప్పటికీ వంగుతుంది, కానీ కాగితం జారదు. లావు పెన్నుతోనే ప్రూఫులు దిద్దుతున్నాను. గంటకోసారి లేచి చెయ్యి చాపి తిరిగొస్తాను. మునుపు రోజుకు దిద్దిన పేజీల్లో మూడొంతుల్లో రెండొంతులే అవుతున్నాయి, అంతే ఒప్పుకుంటున్నాను.

ముఖం కడుక్కోవడం దగ్గర మాత్రం ఏ పరికరమూ లేకుండా దారి దొరికింది. కుడిచెయ్యి పైన, దాని కింద ఎడమచెయ్యి. కుడిచేతి వేళ్ల సందుల్లోంచి కారే నీళ్లు ఎడమ అరచేతిలో ఆగుతాయి. ఈ పొద్దున కూడా అలాగే పట్టాను. ముఖం దాకా వచ్చాయి.